నిజం గాజు

సోఫియా దవడ విరిగిన చప్పుడు కెమెరా వెనకున్న వాళ్ళకి కూడా వినిపించింది.

ఫిల్మ్‌నగర్‌లోని ఒక స్టూడియోలో పాత గోడౌన్ సెట్టు వేశారు. సోఫియా హీరోయిన్‌కి డూపు. విలన్ వేషం వేస్తున్న రిత్విక్ మోకాలితో కొట్టినట్టు చెయ్యాలి, ఆమె వెనక్కి పడాలి. మోకాలికీ ముఖానికీ మధ్య జానెడు ఖాళీ ఉండేలా పొద్దున్నుంచీ రిహార్సల్ చేయించారు. రిత్విక్ నాలుగుసార్లు అడుగు తప్పాడు. నాలుగోసారి సోఫియా, "సార్, ముందు ఎడమకాలు, తర్వాత మోకాలు" అని నెమ్మదిగా చెప్పింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

అయిదోసారి అతను అడుగు తప్పలేదు. ఆమె జుట్టు పట్టుకుని కిందికి లాగి, మోకాలు ముఖంలోకి ఎక్కించాడు.

రెండు పళ్ళు సిమెంటు నేల మీద పడ్డాయి. సోఫియా అరవబోయింది గానీ నోరు మాట వినలేదు. "సారీ, టైమింగ్ మిస్సయింది" అన్నాడు రిత్విక్, ప్యాంటు మీద పడ్డ రక్తాన్ని టిష్యూతో తుడుచుకుంటూ.

ఆ షాట్‌లో పది అడుగుల దూరంలో నిలబడ్డ ఫైటర్ ప్రేమ్ చంద్ ఆమె తండ్రి. కూతుర్ని చేతుల మీద ఎత్తుకుని కారు దాకా పరుగెత్తాడు. దారి పొడుగునా ఆమె రక్తం అతని మెడ మీదుగా కారింది. దవడ రెండు చోట్ల విరిగిందని డాక్టర్లు చెప్పారు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి, పై పళ్ళనీ కింది పళ్ళనీ తీగతో బిగించేశారు.

మర్నాడు ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్ చేశాడు. ముందురోజు షాట్లలో ప్రేమ్ చంద్ ఉన్నాడు కాబట్టి సీను పూర్తయ్యేదాకా అతను రావాలి. "వెళ్ళక తప్పదు" అని భార్య కృపమ్మతో అన్నాడు. రిత్విక్‌ని దగ్గరగా చూడాలని ఉందని మాత్రం చెప్పలేదు.

ప్రేమ్ చంద్‌కి కొట్టడం కొత్త కాదు. వయసులో ఉండగా నరసాపురంలో ఒక కాంట్రాక్టరు కోసం మనుషుల్ని కొట్టాడు. హైదరాబాద్ వచ్చి ఫైటరయ్యాక, తాగి ఇంట్లో కొట్టాడు. తొమ్మిదేళ్ళ కిందట యూసుఫ్‌గూడలో, అద్దింటి మెట్ల మీద, కృపమ్మ చెయ్యి మెలితిప్పి విరిచాడు. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచడానికి రాదు. ఆ తర్వాతే మధురానగర్‌లో రేకుల షెడ్డు చర్చికి వెళ్ళాడు, బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పట్నుంచీ కెమెరా ముందు తప్ప ఎవరి మీదా చెయ్యెత్తలేదు. పాస్టరు జాన్ బాబుకి అతని సంగతి బాగా తెలుసు. "శోధన వచ్చి మనసు పాపం వైపు లాగినప్పుడు దానితో వాదించకు బ్రదర్. నువ్వు గెలవలేవు. లేచి బయటికి నడువు" అని ఎన్నోసార్లు చెప్పాడు.

ఆ రోజు షాట్‌లో ప్రేమ్ చంద్ వెనక నుంచి వచ్చి రిత్విక్ తల మీద సీసా పగలగొట్టాలి. అలాంటి సీసాలు చక్కెర పాకంతో పోస్తారు. తగిలీ తగలకముందే పొడి అయిపోతాయి, గీత కూడా పడదు.

మధ్యాహ్నం భోజనాల వేళ తోటి ఫైటర్ బాలనర్సయ్య అతన్ని సెట్టు వెనక్కి తీసుకుపోయాడు. గాల్లో వేలాడే షాట్లకి నడుముకి రోప్ కట్టుకోవడం సోఫియాకి మొదటిసారి నేర్పింది బాలనర్సయ్యే. లుంగీ గుడ్డలో చుట్టిన సీసా ఒకటి తీసి చేతిలో పెట్టాడు. బరువుగా ఉంది.

"ఇది నిజం గాజన్నా. రంగు గదే, లేబుల్ గదే. ప్రాపర్టీ వాళ్ళ సీసాలల్ల కలిసిపోయిందంటే అయిపాయె."

"చచ్చిపోతాడు నర్సయ్యా."

"సావనీ. బిడ్డను గట్ల కొట్టినోడు మంచిగ బిర్యానీ తింటుండు క్యారవాన్ల. నీకు ఫికర్ లేదా? నువ్వు ఒక్కటియ్యి, మిగతాది మేం చూసుకుంటం."

ప్రేమ్ చంద్ సీసా తిరిగివ్వలేదు. పంచెలో దోపుకుని, చెక్కల చాటున మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశాడు. కళ్ళు మూస్తే రిత్విక్ బుర్ర పగలడమే కనబడింది. చెవి వెనక, మెడ పైన, మెత్తగా ఉండే చోటు. అక్కడ కొడితే మనిషి శబ్దం లేకుండా కూలిపోతాడని నరసాపురంలోనే నేర్చుకున్నాడు. "ప్రభువా, ఇది కోపం కాదు, న్యాయం" అన్నాడు పైకే. ఆ మాట అంటుంటే ఒళ్ళంతా హాయిగా వేడెక్కింది. తాగుడు మానేశాక అంత హాయి ఎప్పుడూ ఎరగడు.

షాట్ రెడీ అన్నారు. తనకిచ్చిన చక్కెర సీసాని డ్రమ్ము వెనక పెట్టేసి, నిజం సీసా పట్టుకుని వెళ్ళి నిలబడ్డాడు.

లైట్లు సరిచేస్తుంటే రిత్విక్ మెడ తిప్పి చూశాడు. "మీ అమ్మాయటగా? చెప్పు, ఈసారి ఎడమకాలు కరెక్టుగానే పెట్టానని" అన్నాడు చిన్నగా.

"యాక్షన్!"

ప్రేమ్ చంద్ మూడంగల్లో చేరుకున్నాడు. సీసా తలపైకి లేచింది. చెవి వెనక చోటు కళ్ళ ముందుంది. చెయ్యి దిగడం మొదలైంది కూడా. ఎలా తిప్పాడో అతనికే తెలియదు. సీసా రిత్విక్ భుజం పక్కగా పోయి ఇనప స్తంభానికి తగిలి భళ్ళున పేలింది. గాజు ముక్కొకటి రిత్విక్ బుగ్గ చీల్చింది. ఇంకొకటి ప్రేమ్ చంద్ అరచేతిలో ఎముక దాకా దిగింది.

చక్కెర అలా మోగదు. సెట్టంతా స్తంభించింది. రిత్విక్ బుగ్గ తడుముకుని, వేళ్ళకంటిన రక్తం చూసుకుని, "చంపేస్తావురా!" అని అరుస్తూ బూటుకాలితో అతని పొట్టలో తన్నాడు. పడ్డవాడి పక్కటెముకల మీద మళ్ళీ తన్నాడు. మూడో తన్నుకి ప్రేమ్ చంద్ ఆ కాలు దొరకబుచ్చుకుని గుంజాడు. రిత్విక్ వెల్లకిలా పడ్డాడు. మరుక్షణం ప్రేమ్ చంద్ అతని ఛాతీ మీద ఉన్నాడు. ఎడమచెయ్యి గొంతు మీద, కుడిచేతిలో పగిలిన సీసా మెడ. గాజు కొన కంఠం మీద ఆనింది. రిత్విక్ కళ్ళల్లోంచి పొగరు పోయి, పసివాడి భయం వచ్చింది.

ఆ భయం చూడటం ప్రేమ్ చంద్‌కి ఎంత ఇష్టంగా ఉందంటే, తన ఇష్టాన్ని చూసి తనే హడలిపోయాడు. ఈ భయం అతనికి కొత్తది కాదు. మెట్ల మీద కృపమ్మ ముఖంలో చూసింది ఇదే.

సీసా ముక్క దూరంగా విసిరేసి లేచాడు. ఎవరో పట్టుకోబోతే తోసుకుని పరుగెత్తాడు. ఒక్క క్షణం ఆగితే వెనక్కి తిరుగుతానని అతనికి తెలుసు. గేటు దాటి, చిరిగిన చొక్కాతో, చెప్పుల్లేకుండా, నెత్తురోడే చేత్తో షేక్‌పేట వైపు పల్లంలోకి పరుగెత్తాడు. బస్టాపులో ఇద్దరు కాలేజీ పిల్లలు షూటింగనుకుని ఫోన్లలో వీడియో తీశారు.

ఫ్లైఓవర్ దగ్గర బాలనర్సయ్య బండి మీద వచ్చి కలిశాడు. "ఏందన్నా గిట్ల చేసినవ్? చేతికొచ్చినోన్ని వదిలిపెడితివి!"

"ఆస్పత్రికి తీసుకుపో నర్సయ్యా. వెనక్కి మాత్రం తిప్పకు. నీకు దణ్ణం పెడతా."

అరచేతికి పదకొండు కుట్లు వేశారు. సోఫియా మంచం దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాడు, సీసా సంగతి కూడా. ఆమె ముఖం వాచి ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కంటితో తండ్రిని తేరిపార చూసి గోడవైపు తిరిగిపోయింది.

"అమ్మాయి కళ్ళకి నేను చేతగానివాణ్ణయ్యాను" అన్నాడు వరండాలో భార్యతో. "కృపా, వాణ్ణి కొట్టడం న్యాయం కాదంటావా? నాకైతే న్యాయమే అనిపించింది."

కృపమ్మ తన వంకర చేతిని ఒళ్ళో పెట్టుకుంది. "నా చెయ్యి విరిచిన రోజు కూడా మీకు న్యాయంగానే అనిపించిందండీ" అంది. "వదిలేశారు కదా, నాకది చాలు. ఇక పోలీసు స్టేషనుకి పదండి. దాన్ని కొట్టినవాణ్ణి ఊరికే వదలమని ఏ దేవుడూ చెప్పలేదు."

వెళ్ళారు. రిత్విక్ మీద కేసు పెట్టారు. ముందురోజు కెమెరాలో పడ్డదంతా పోలీసులు తీసుకున్నారు. జుట్టు పట్టి లాగడం అందులో స్పష్టంగా ఉంది. రిత్విక్ తరఫువాళ్ళు ప్రేమ్ చంద్ మీద ఎదురు కేసు పెట్టారు. సీసా పొరపాటున మారిందని చెప్పమని ప్రేమ్ చంద్ తరఫు లాయరు సలహా ఇచ్చాడు. ప్రేమ్ చంద్ ఒప్పుకోలేదు. "నిజం గాజని తెలిసే పట్టుకున్నాను" అని సంతకం పెట్టాడు. ఎవరిచ్చారని ఎంత అడిగినా పేరు చెప్పలేదు. ఫైటర్ల యూనియన్ అతన్ని ఏడాది పాటు పనికి దూరం పెట్టింది. రిత్విక్‌ని సినిమా నుంచి తీసేశారు.

అయిదు వారాలకి సోఫియా దవడ తీగలు విప్పారు. ఆ వేళ ఇంట్లో కృపమ్మ చేసిన జావని సోఫియా చెంచాతో నెమ్మదిగా తాగింది. తండ్రితో మాట్లాడి అప్పటికి నెల దాటింది. కాయితం మీద కూడా అతనికేమీ రాయలేదు.

"నేనైతే కొట్టేదాన్ని నాన్నా" అంది. మాట ముద్దగా వచ్చింది.

"నాకింకా కొట్టాలనే ఉందమ్మా" అన్నాడు ప్రేమ్ చంద్. "రోజూ పొద్దున లేవగానే అదే మొదటి ఆలోచన."

సోఫియా అతని అరచేతి మీది మచ్చను చూసింది. తర్వాత గిన్నె అతనివైపు జరిపి, "ఇంకొంచెం జావ పొయ్యి" అంది.