బదులు పలకని గుడ్డు

మా అక్క మొగుడు డ్రైవరు. ఆ బావ నోరు గంటసేపు మూతపడి ఉండగా నేను చూడడం అదే మొదలు. నా ఒళ్లో వెచ్చటి పెట్టె, అందులో బెగ్గురు కొంగ గుడ్డు. లోపలి పిల్ల పెంకుకు చిల్లి పొడిచి కీచుకీచుమంటోంది. ఇప్పుడు మనిషి గొంతు వింటే మనిషినే అమ్మ అనుకుంటుంది. అందుకే కారులో మాటలు బంద్.

చిత్తడినేలలో రెండేళ్లుగా నక్కలు గుడ్డన్నది మిగల్చలేదు. ఈసారి అసలు గుడ్డు మా పక్షి సంరక్షణ కేంద్రానికి తెచ్చి, గూట్లో చెక్కగుడ్డు పెట్టాం. తల్లీతండ్రీ వంతులేసుకుని దాన్ని పొదిగాయి. అసలుదాన్ని నెలరోజులు నేను పొదిగే యంత్రంలో కాచుకున్నాను. పిల్ల బయటపడేలోపు గూటికి చేరాలి. వాటి వెంట ఎగిరితేనే వలసదారి తెలుస్తుంది. మా చేతుల్లో పెరిగితే బతుకంతా బోనే.

రోడ్డు పనుల దగ్గర ఇరుక్కుపోయాం. కాలుగాలిన పిల్లిలా తిరుగుదామంటే ఒళ్లో పెట్టె. బావ స్టీరింగు మీద దరువేస్తుంటే మోచేత్తో ఒక్కటిచ్చాను. అంతలో గుడ్డు మూగబోయింది. తల్లి పిలుపు రికార్డింగు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. రెండోసారీ అంతే. కేంద్రంలోని పక్షుల డాక్టరమ్మకు మెసేజి పెడితే, వెంటనే వెనక్కి తెమ్మంది.

పెట్టె సీటులో ఉంచి, తలుపు మూసి, ఇద్దరం దిగాం.

"నీ మనసేమంటోంది?" అన్నాడు బావ.

"గూడు పావుగంట దూరమే. కానీ పిల్ల పోతే పాపం నాదే, బావా."

"ఇద్దరిదీ. ఎక్కు."

మనిషినని తెలియకుండా ఒళ్లంతా తెల్ల ముసుగేసుకుని మోకాలి లోతు నీళ్లలో నడిచాను. కొంగలు అరుస్తూ పక్కకు తప్పుకున్నాయి. గుడ్డు మార్చేసి, దూరంగా జమ్ము చాటున నక్కాను. గూటి దగ్గర దాచిన మైకు చప్పుళ్లు నా చెవిలో వినిపిస్తున్నాయి. తల్లి వచ్చింది. కూర్చోలేదు. చూస్తూ నిలబడింది. కూర్చోవే తల్లీ అని లోలోపల వెయ్యిసార్లు బతిమాలుకున్నాను.

అది ముక్కుతో గుడ్డును మెల్లగా దొర్లించి, గొంతులోనే గుర్రుమంది. పెంకులోంచి కీచుమని జవాబు వచ్చింది. మళ్లీ అంది. మళ్లీ జవాబు.

ముందు నాకు ఉక్రోషమే వచ్చింది. నెలరోజులు కంటికి రెప్పలా కాచిన నన్ను అంత ఏడిపించి, ఎవరికి పలికిందో చూడండి, దొంగముండ. తల్లి రెక్కలు సర్దుకుని దానిమీద కూర్చుంది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చప్పుడు రాకుండా, ఆ నీళ్లలోనే నిలబడి ఏడ్చాను.