తొట్టిలో దిష్టి ఉప్పు

ఆ ఆదివారం ఆత్మకూరు ఇంట్లో జయశ్రీ, ఆమె భర్త చంద్రమోహన్, అత్తగారు మాలకొండమ్మ ఉన్నారు. మర్రిపాడు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన చెంచురామయ్య ఉన్నాడు. హాల్లో చేపల తొట్టిలో పదకొండు రంగుల గప్పీలు, అడుగున తిరిగే ఆరు చిన్న మీసాల జెల్లలు ఉన్నాయి. జయశ్రీకి మేనకోడలు, ఇంటర్ చదవడానికి సీతారామపురం నుంచి వచ్చిన అశ్విత కూడా ఉంది. కాకపోతే ఆ ఇంట్లో మనుషుల్ని ఎవరు లెక్కపెట్టినా ఆ పిల్ల దాకా రాకముందే లెక్క అయిపోతుంది.

తొట్టి కొన్నది చంద్రమోహన్. నెల తిరక్కుండానే దాన్ని వదిలేశాడు. జెల్లలకి వేరే మేత అక్కర్లేదు, అడుగున మురికి తిని బతికేస్తాయని అమ్మినవాడు చెప్పాడట. ఇంట్లో అందరూ అదే నమ్మేశారు. వాటి పొట్టలు లోపలికి పోయిన సంగతి చూసింది అశ్విత ఒక్కతే. మునిగే బిళ్ళల మేత తెచ్చి వేసింది. గరుకు రాళ్ళకి మీసాలు అరిగిపోతుంటే రాళ్ళన్నీ ఏరి, ఏటి ఇసుక ఏడు నీళ్ళు కడిగి పరిచింది. మీసాలు మళ్ళీ మొలిచిన రోజున డైరీలో పేజీ నిండా రాసుకుంది. పైకి మాట్లాడటం చేతకాని పిల్ల.

చెంచురామయ్య టీ తాగుతూ తొట్టిలోకి వంగి చూశాడు.

"ఈ బుల్లి దొరలు బలే ఉండారే జయమ్మా. మీసాలు తిప్పడంలో మీ ఆయన కంటే నయం."

మగవాళ్ళిద్దరూ నవ్వుకుంటూ వీధి అరుగు మీదికి వెళ్ళారు. జయశ్రీకి నవ్వు రాలేదు. పోయినసారి ఎవరో ఇట్లాగే మెచ్చుకుంటే మర్నాడే ఒక గప్పీ పోయింది. ఆమె వంటింట్లోంచి రెండు గుప్పిళ్ళ కల్లుప్పు తెచ్చి తొట్టి చుట్టూ మూడుసార్లు తిప్పింది. దిష్టి తీసిన ఉప్పు నీళ్ళలో కరగాలి. నీళ్ళు ఎదురుగానే ఉన్నాయి.

బట్టలు ఆరేసి లోపలికి వచ్చిన అశ్వితకి ఇసుక మీద తెల్లటి ఉప్పు కనిపించింది. జెల్లలు దాని మీదినుంచి ఉలిక్కిపడి పైకి లేస్తున్నాయి, నోరు తెరిచి గాలి మింగుతున్నాయి, మళ్ళీ అందులోనే పడుతున్నాయి.

"అత్తా, ఉప్పేసినావా?"

"ఏసినా. దిష్టి తీసినా."

"జెల్లలకి ఉప్పు పడదు. చచ్చిపోతాయి."

"గప్పీలు చూడు, ఎట్ట ఎగరతా ఉండాయో. వాటికి లేని నొప్పి వీటికేంది?"

"సముద్రంలో చేపలు ఉప్పులోనేగా బతికేది" అంది మాలకొండమ్మ మంచం మీంచి.

పెరట్లో నిన్న పట్టి ఉంచిన బకెట్ నీళ్ళున్నాయి. వల వేస్తే జెల్లల రెక్కల ముళ్ళు చిక్కుకుంటాయి, అందుకని అశ్విత మగ్గు తీసుకుంది. ఒకటి పట్టి పెరట్లోకి పరిగెత్తింది. తర్వాత ఇంకొకటి. హాలంతా నీళ్ళు కారుతున్నాయి.

"మగ్గు ఆడ పెట్టుమే" అంది జయశ్రీ. "దిష్టి తీసిన నీళ్ళు ఇల్లంతా చిమ్మతావా? మనకి చుట్టుకుంటాది."

మూడోది. అలికిడికి మగవాళ్ళు లోపలికి వచ్చారు.

"ఏంది ఈ గోల?" అన్నాడు చంద్రమోహన్.

"ఈ పిల్లకి పిచ్చి పట్టినాది" అంది జయశ్రీ. "పల్లె బుద్ధి పోతాదా? చేపల కోసం ఇంటి మీదికి అరిష్టం తెస్తాంది."

అశ్విత నాలుగోదాన్ని మగ్గులోకి తీసుకుని తిరిగింది. ఆ ఇంట్లో ఏడాదిగా ఎవరూ వినని గొంతు అందరికీ వినిపించింది.

"వాటికి తగిలింది దిష్టి కాదత్తా. నువ్వు."

చెంచురామయ్య నేల చూపులు చూశాడు. జయశ్రీ ముఖం నల్లబడింది.

అశ్విత పెరట్లోకి పోయి మగ్గు మెల్లగా వంచింది. నాలుగోది బకెట్ అడుక్కి జారి, కాసేపు పక్కకి ఒరిగి, నిలదొక్కుకుంది. ఖాళీ మగ్గుతో వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో జయశ్రీ నిలబడి ఉంది.

"ఇంకా రెండుండాయి అత్తా."

జయశ్రీ మగ్గు వంక చూసింది. తలుపు మూసి లోపలినుంచి గడియ పెట్టింది.