ఊట, ఓర్పు

నిరంజన్ గారికి పేర్లు పెట్టడమంటే మహా బద్ధకం. రాజమండ్రిలో మా ఇంజనీరింగ్ ఆఫీసు తరఫున గోదావరి గట్టు రిపోర్టు ఆయనే రాశారు. లెక్కలు లాటెక్‌లో, అంటే గణిత గుర్తుల్ని కమాండ్లతో రాసే సాఫ్ట్‌వేర్‌లో, టైప్ చేశారు. అందులో ఏ గుర్తుకి ఏ కమాండ్ అన్నది మన ఇష్టం. ఈయన అర్థం చూడకుండా, అక్షరం ఆకారం చూసి పెట్టేశారు. గట్టు కిందనుంచి ఊరే నీటి తోపుడు ‘ఐ’. ఆ తోపుడుని మట్టి ఎంతవరకు ఓర్చుకోగలదో ఆ హద్దు కూడా ‘ఐ’. హద్దు దాటితే నీళ్ళు గట్టు కింది ఇసుకని లాక్కుపోతాయి, గట్టు కూలుతుంది.

కొత్త ప్రతి తయారుచేసే పని నాకు పడింది.

“రెండూ వేరు చేద్దామండి,” అన్నాను.

“ఎందుకండి పూజితగారూ? చదివేవాళ్ళకి తెలీదా ఏంటి?” అంటూ టీకి వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండింది. కొవ్వూరు అవతల ఆ గట్టు కిందే మా ఇల్లు. గోదావరికి వరద, రెండో ప్రమాద హెచ్చరిక వచ్చింది, వచ్చేయమని పొద్దున్నే ఫోన్ చేస్తే, చేపలు అమ్ముకునే మా అమ్మ నవ్వింది. “మీ ఆఫీసోళ్ళే గట్టు రెండింతలు గట్టిదని రాశారంట కదే!” ఆ రిపోర్టు చూసుకునే అధికారులూ ఊరు ఖాళీ చేయించలేదు.

తోపుడుకి ‘ఊట’ అని, హద్దుకి ‘ఓర్పు’ అని కమాండ్లు పెట్టాను. ప్రతి ‘ఐ’ దగ్గరా ఆగి, అది ఏదో తేల్చుకుని మార్చుకుంటూ వెళ్ళాను. గట్టు ఎన్నింతలు గట్టిదో తేల్చే చివరి భాగహారంలో ఓర్పు పైన, ఊట కింద ఉండాలి. పైనున్న అంకె ఎక్కడిదా అని వెనక పేజీలు తిప్పితే, అది ఊటది. మొత్తం తలకిందులు. రెండింతలు కాదు, సగం.

నాకు భయం వేసింది. తిరిగొచ్చిన నిరంజన్ గారు స్క్రీన్ చూసి, కలెక్టరాఫీసుకి ఫోన్ కలిపారు. నేను అమ్మకి చేశాను.

“అన్నీ వదిలేసి బయల్దేరమ్మా!”

“ఉండవే. కుళాయి రావట్లేదని ఏడుస్తుంటే, గట్టు మొదట్లో కొత్తగా ఊట పుట్టింది. వీధంతా అక్కడే ఉన్నాం, బిందెలతో.”

“నీళ్ళు తేటగా ఉన్నాయా?”

“ఇందాక తేటగానే ఉన్నాయి. ఇప్పుడే, బిందెలో ఇసుక పడుతోంది.”