పడిపోయే సీను

రాష్ట్రమంతటా మద్యనిషేధం పెట్టిన ఏడాది కూడా మా ఆయన తాగుతూనే ఉన్నాడు. పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఇడ్లీ తిని, ప్రొడక్షన్ వాళ్ళ వ్యానెక్కి ఫిల్మ్‌నగర్ వెళ్ళి, సాయంత్రం దాకా తాగి, ఇంటికొచ్చి మజ్జిగన్నం తినేవాడు. సీసాలో ఉండేది పల్చటి టీ డికాషన్. అసలు సరుకు రుచి ఆయనకు ఈనాటికీ తెలియదు. అయినా జనానికి ఆయన సారా అచ్యుతరామయ్యే. తెనాలి నాటకాల్లో కిరీటం పెట్టుకుని పద్యాలు పాడిన మనిషిని తీసుకొచ్చి సినిమావాళ్ళు నేల మీద పడేశారు. అన్నం పెట్టారు కాబట్టి నేనేమీ అనలేదు.

ఆ పడటానికే ఆయనకు పేరు. కర్రలా బిగుసుకుని వెనక్కి పడేవాడు. ఒక కాలు గాల్లో కాసేపు వణికి వాలిపోయేది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు. హాల్లో నవ్వులన్నీ అయిపోయి, కొంపదీసి పోయాడా ఏమిటని జనం అనుకునే వేళకు తల మాత్రం ఎత్తి, "బస్సొచ్చిందా?" అనేవాడు. హాలు దద్దరిల్లిపోయేది.

మాకు ఒక్కడే కొడుకు, సుధీంద్ర. డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్నాడు. వాడు సినిమా గడప తొక్కకూడదనీ, బ్యాంకు పరీక్ష రాసి, ఫ్యాను కింద కూర్చుని, నలుగురి చేత "గారూ" అనిపించుకోవాలనీ నా కోరిక. తండ్రిని చూసి నవ్వినట్టు నా కొడుకును చూసి ఎవరూ నవ్వకూడదు. నేను దేవుణ్ణి అడిగింది అంతే.

కాలేజీలో వాణ్ణి పేరుతో ఎవరూ పిలవలేదు. "సారాగారబ్బాయి" అనేవారు. మొదట్లో ఇంటికొచ్చి ఏడ్చేవాడు. తర్వాత తెలివి తెచ్చుకుని, ఎవరో ఏడిపించేలోపు తనే తండ్రిలా పడి చూపించడం మొదలుపెట్టాడు. పడితే నవ్వుతారు, నవ్వితే పక్కన కూర్చోబెట్టుకుంటారు. జూబ్లీహిల్స్ కార్ల పిల్లలు, వెంగళరావు నగర్ అద్దెకొంపలోంచి సిటీబస్సెక్కి వచ్చే మా వాణ్ణి పార్టీలకు పిలిచింది అందుకే. నిషేధం సారాకొట్లకు గానీ ఆ బంగళాలకు కాదు. సరుకు బీదర్ నుంచి కారు డిక్కీలో దర్జాగా దిగేది.

"నోట్లో ఏంట్రా అది?" అన్నాను ఒకసారి.

"ఏలక్కాయమ్మా."

"పెళ్ళి భోజనం చేసొచ్చావా?"

"అబ్బ, ఒక్క గుక్కమ్మా. ఉత్తినే పడితే నేచురల్‌గా లేదంటున్నారు వాళ్ళు."

ఆ మాట మా ఆయన చెవిన వేశాను. "ఏవండీ, వాణ్ణి కాస్త కనిపెట్టి చూడండి" అంటే, "నేనే తాగను, నా కొడుకు తాగుతాడటే, పిచ్చిదానా!" అని నవ్వేశాడు. దీపం కిందే చీకటి.

పరీక్షలకు ముందు వచ్చిన ఆదివారం మధ్యాహ్నం, నిర్మాత బసవపున్నయ్యగారి అబ్బాయి కార్తీక్ తన బంగళాలో క్లాసు వాళ్ళకు ఫేర్‌వెల్ పార్టీ ఇచ్చాడు. పెద్దవాళ్ళు ఊటీలో షూటింగుకెళ్ళారు. నేను మినప్పప్పు రుబ్బుతుంటే పక్కింటి శకుంతలమ్మ పరుగెత్తుకొచ్చి ఫోనంది. అవతల శ్రీశైలం. మా వాడి క్లాస్‌మేటు, బోరబండ పిల్లాడు.

"ఆంటీ, జల్ది దవాఖానకు రాండ్రి. సుధీ లేస్తలేడు."

పిండి చేతులతోనే ఆటో ఎక్కాను. నేను ఆస్పత్రికి చేరేసరికే సుధీని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసేశారు. బయట శ్రీశైలం ఒక్కడే గోడకానుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా నిండా మా వాడి వాంతి.

"ఏమైందిరా?"

"గ్లాసు మీద గ్లాసు పోసిండ్రు ఆంటీ. పడిపోయే సీన్ చెయ్యమన్నరు. చేసిండు. మేమంత మస్తు నవ్వినం."

"తర్వాత?"

"లేస్తడు, లేస్తడు అనుకున్నం. కొత్తోళ్ళు గదిలకొస్తె, ‘ఆగుండ్రి, ఇప్పుడు తల లేపి బస్సొచ్చిందా అంటడు’ అని మేమే చెప్పినం. గా మాట ఇనబడాల్నని కార్తీక్ పాటలు గూడ బంద్ చేసిండు. అంకుల్ కన్నా ఎక్కువసేపు పండిండని చప్పట్లు గొట్టినం ఆంటీ."

"చప్పట్లు కొట్టారా?"

"నేను దగ్గరికి పోయి జూస్తె పెదాలు నీలంగయినయ్."

"అప్పుడు వెంటనే తీసుకొచ్చారా?"

వాడు తల దించుకున్నాడు. "పోలీసోళ్ళొస్తరని మొదలు సీసాలు దాచిండ్రు. నేను వొద్దన్న. ఎవ్వరు ఇనలే."

ఆ చెంపా ఈ చెంపా వాయించాలనిపించింది. కొట్టడానికి నా ఎదుట ఉన్నది వాడొక్కడే, నా బిడ్డను భుజాన వేసుకుని తెచ్చిందీ వాడొక్కడే. ఎత్తిన చెయ్యి అలాగే దించుకుని బెంచీ మీద కూలబడ్డాను. ఆ బంగళా నిలువునా కూలిపోవాలని నోరారా తిట్టాను. తిడితే ఏమొచ్చింది, ఒక్క పెంకు కూడా రాల్లేదు.

కబురందుకుని మా ఆయన షూటింగులోంచి అలాగే వచ్చేశాడు. ముక్కుకి ఎర్రరంగు, చిరిగిన లాల్చీ. గోడ పట్టుకుని తూలుతూ వస్తుంటే బెంచీల మీది జనం ఆయన్ని గుర్తుపట్టారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన వినిపించుకున్నాడో లేదో, నేను మాత్రం విన్నాను.

వాంతి గొంతుకు అడ్డం పడి మెదడుకు గాలి అందలేదన్నాడు డాక్టరు. ఇంకాస్త ముందు పక్కకు తిప్పి పడుకోబెట్టి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదన్నాడు. బతికాడు. గండం గడిచిందని చుట్టాలు కొబ్బరికాయలు కొట్టారు.

బతికిన సుధీంద్రకు మాట ముద్దముద్దగా వస్తుంది. చెయ్యి వణుకుతుంది. నాలుగడుగులు వేస్తే అయిదోది ఎటు పడుతుందో వాడికే తెలియదు. చుక్క ముట్టకుండా జీవితాంతం తాగినవాడిలా నడవాలి నా కొడుకు. ఇంతకంటే చావే నయమని తల్లి నోటితో అనకూడదు. అన్నాను, వంటింట్లో, చాలాసార్లు.

మా ఆయన ఇక తాగుడు వేషాలు వెయ్యనని చెప్పేశాడు. వేరే వేషాలు ఎవరూ ఇవ్వలేదు. ఇంట్లోనే కూర్చుంటాడు. పరీక్షలయ్యాక కార్తీక్ వాళ్ళెవరూ మా గుమ్మం తొక్కలేదు. శ్రీశైలం కొన్నాళ్ళు వచ్చి, తర్వాత మానేశాడు. వాడినేమనగలను?

మొన్న సాయంత్రం సుధీని వీధిలో నడిపిద్దామని బయటికి తీసుకొచ్చాం. మా ఆయన వాడికి ఎదురుగా వెనక్కి అడుగులేస్తూ, "రా నాన్నా, ఇటు చూడు, నన్ను చూడు" అంటున్నాడు. క్రికెట్ ఆడుతున్న పిల్లలు ఆట ఆపి చూశారు. సుధీ రెండడుగులు వేసి, తూలి, గేటు పట్టుకుని, జారి కూర్చున్నాడు.

"ఒరేయ్, అచ్చం సినిమాలోలాగే!" అన్నాడొకడు. అందరూ పడీపడీ నవ్వారు.

"నవ్వుతార్రా వెధవల్లారా! మీ ఇళ్ళల్లో పిల్లలు లేరా, మీకు అమ్మలు లేరా!" అని నేను మీదికెళ్ళాను. మా ఆయన మొహం కప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

సుధీ నా చీర కొంగు పట్టి లాగాడు. చూస్తే వాడి మొహం వెలిగిపోతోంది. ఇన్ని నెలల్లో ఆ మొహంలో నవ్వు చూడలేదు నేను.

"న... వ్వనీ... అమ్మా" అన్నాడు.

గేటు పట్టుకుని కష్టం మీద లేచాడు. పిల్లల వైపు తిరిగాడు. ఒక్కసారిగా వెనక్కి పడ్డాడు. కాలు గాల్లోకి లేచి వణికి, వాలిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

కావాలని పడ్డాడో, పడిపోయాడో నాకు తెలియలేదు. వాడు కదల్లేదు. నేను కూడా కాసేపు అలాగే నిలబడి చూశాను.