జల్లెడపువ్వు ఏడో వరుస

నేను ఒక ఫోన్‌ని. ఇప్పుడు బిస్కట్ల డబ్బాలో, విరిగిన లేసు సూదుల మధ్య పడి ఉన్నాను. నన్ను తయారుచేసినవాళ్లు నాలో ఒక కాపలావాణ్ణి పెట్టారు. నన్ను ఆన్ చేయగానే ముందు వాడు లేచి, లోపలున్నది కంపెనీ పెట్టిందేనా అని తడిమి చూస్తాడు. అవునంటేనే నన్ను లేవనిస్తాడు. వాడి పేరు బూట్‌లోడర్. వాడి తలుపుకు తాళం ఉంటుంది; అది తీసేస్తే వాడు హెచ్చరించడమే తప్ప ఎవరినీ ఆపలేడు.

నరసాపురం దగ్గర లేసు అల్లే మంగతాయారు నన్ను కొనుక్కుంది. ఆమె అత్తగారు బుల్లెమ్మ యాభై ఏళ్లు అల్లిన డిజైన్లు నూట నలభై, ఫొటోలుగా నాలోనే ఉండేవి. అల్లినవన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయి, ముసలావిడ వేళ్లు కొయ్యబారాయి. అలాంటప్పుడు వాటిలోని జల్లెడపువ్వు డిజైను బల్లగుడ్డలకు పెద్ద ఆర్డరు వచ్చింది. పదిహేను వరుసల పువ్వు. ఫొటో చూసి అల్లడమే తరువాయి.

నేనేమో ముసలిదాన్నయ్యాను, ఫొటో పెద్దది చేస్తే బిగుసుకుపోయేదాన్ని. మరిది వీరబాబు నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"తాళం తీసి, కంపెనీది పీకేసి, వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తానొదినా. గుర్రంలా పరిగెడతాది."

"ఫొటోలు పోతాయేమో చూడు, వీరబాబూ."

"తాళం తీస్తే అన్నీ చెరిగిపోతాయి. అందుకే ముందే లాప్‌టాప్‌లోకి లాగేత్తన్నా."

చెప్పినట్టే చేశాడు. పని అయ్యాక ఫొటోలు నాకు తిరిగిచ్చి, చోటు చాలడం లేదని లాప్‌టాప్‌లోవి చెరిపేశాడు. ఆనాటి నుంచి నేను లేచినప్పుడల్లా తెర మీద హెచ్చరిక వచ్చేది: తాళం తీసి ఉంది, ఈ ఫోన్‌ని నమ్మవద్దు. మొదటి రోజు మంగతాయారు భయపడింది. నాలుగో రోజు అది వెలుగుతుండగానే బియ్యం కడుక్కుంది. మనుషులంతేనండీ, రోజూ కనబడే భయాన్ని గోడ మీది క్యాలెండరులా చూస్తారు.

నెల తిరక్కుండా బ్యాంకు యాప్ మొరాయించింది. తాళం తీసిన ఫోన్‌లో తెరుచుకోనంది.

"మళ్లీ తాళం ఏసేత్తే సరి," అన్నాడు వీరబాబు.

"ఫొటోలు తీసి పెట్టుకోరా ముందు," అంది బుల్లెమ్మ అరుగు మీంచి.

"తీసేటప్పుడు పోతాయి గానీ, ఏసేటప్పుడు ఎందుకు పోతాయమ్మా?"

మంగతాయారూ తలూపింది. లేసులో అల్లిక తప్పితే దారం లాగుతారు. అది వచ్చిన దారినే వెనక్కి పోతుంది, మొదటి ముడి దాకా ఏమీ చెడదు. ఆ ఇంట్లో అందరి చేతులకూ తెలిసిన సంగతి. నేనూ అలాగే వెనక్కి పోతాననుకున్నారు.

నేను చెప్పగలిగింది చెప్పాను. లోపలున్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని తెర మీద అడిగాను. వీరబాబు చదవకుండానే సరే నొక్కాడు.

కాపలావాడు ముందు ఇల్లంతా ఊడ్చాడు. నూట నలభై డిజైన్లూ పోయాయి. తలుపు వేసి తాళం తిప్పాడు. తర్వాత అలవాటుగా లోపల తడిమి చూస్తే, ఉన్నది కంపెనీ పెట్టింది కాదు. ఇక నన్ను లేవనివ్వలేదు.

రిపేరు షాపతను రెండు రోజులు నన్ను ఉంచుకున్నాడు. "ఫోన్ బతికితే బతకొచ్చు. ఫొటోలు మాత్రం రావమ్మా," అన్నాడు.

ఇప్పుడు రోజూ భోజనాలయ్యాక బుల్లెమ్మ గుర్తున్నంత చెబుతుంది, కోడలు అల్లుతుంది. డబ్బాలోంచి వింటూ ఉంటాను. మొన్న ముసలావిడ ఏడో వరుస దాకా చెప్పగలిగింది. నిన్న ఆరో వరుసలో ఆగి, చాలాసేపు తన వేళ్ల వంక చూసుకుంది. ఇవాళ నాలుగో వరుసలోనే మాట ఆగిపోయింది.

మంగతాయారు తొందరపెట్టలేదు. దారం లాగి, మొదటి ముడి దాకా ఊడదీసింది.

"మళ్లీ మొదట్నించీ చెప్పండత్తా," అంది.