ఒక్క గ్లాసే

సన్నటి కాడ ఉన్న ఆ గాజు గ్లాసును పీచుతో తోమకూడదు. వేళ్ళతోనే కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుగుకు పట్టి మరక లేదని చూసుకోవాలి. ఇంట్లో ఆమె చేత ఇంత చాకిరీ చేయించుకునే వస్తువు ఇంకొకటి లేదు, ఆ గ్లాసు యజమాని తప్ప.

రెండేళ్ళ కిందట డాక్టరు చెప్పింది వేరు. ఎర్ర వైన్ కొద్దిగా తాగితే గుండెకు మంచిదని కొందరంటారు గానీ అది రుజువు కాలేదు, దానికోసమని కొత్తగా మొదలుపెట్టకండి, తాగేవాళ్ళయితే రోజుకు ఒక్క గ్లాసు దాటకండి అన్నాడు. అందులోంచి గుండెకు మంచిదన్న ముక్క ఒక్కటే ఏరుకుని ఇంటికి తెచ్చుకున్నాడు ఆమె భర్త. లెక్కల టీచరువి కదా, కొలత నీ పనేనన్నాడు. అలా ఆయన మితం కూడా ఆమె నెత్తిన పడింది. ఒక్క గ్లాసు పోసి సీసా తీసేస్తే ఆయన సణుగుడు. ఆయనే లేచి రెండోదీ మూడోదీ పోసుకుంటే, నువ్వుండి ఏం చేస్తున్నట్టని అత్తగారి నిలదీత. ఓసారి తనూ రుచి చూస్తానంటే చుట్టాల ముందే నవ్వాడు.

"నీకెందుకే, నీది గుండెనా? బండరాయి."

చుట్టాలూ నవ్వారు. వాళ్ళతో పాటు ఆమె కూడా నవ్వింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పోయిన వారం లిఫ్టు చెడిపోయింది. ఆయన తెమ్మన్న సీసాలూ, దిద్దాల్సిన పరీక్ష పేపర్లూ మోసుకుంటూ బడి నుంచి వచ్చి మెట్లెక్కింది. గుమ్మం ఇంకో నాలుగు మెట్ల దూరం ఉందనగా ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. ఎడమ చెయ్యి భుజం దాకా లాగేసింది. ఉన్నచోటే కూలబడింది. చప్పుడు విని తలుపు తీసిన భర్త పైనుంచే అడిగాడు.

"సీసాలు పగల్లేదు కదా?"

పగల్లేదు. అది గ్యాసేనని అత్తగారు తేల్చేసి, కాసిని వేడినీళ్ళు తాగి వంట మొదలుపెట్టమంది. మర్నాడు బట్టలు ఆరేస్తుంటే మళ్ళీ అదే నొప్పి. డాక్టరుకు చూపించుకుంటానంటే, నా చెకప్పుకు ఎలాగూ వస్తావుగా, అప్పుడు చూద్దాంలే అన్నాడు భర్త.

ఆ చెకప్పుల్లో ఆమె చేసేది ఒక్కటే. ఎంత తాగుతున్నారని డాక్టరు అడుగుతాడు. భర్త ఆమె వైపు చూస్తాడు. ఒక్క గ్లాసేనండీ అని ఆమె చెప్పాలి. ఆ అబద్ధం ఆమెకు ఎక్కాల కంటే బాగా కంఠతా వచ్చేసింది.

ఈసారి లోపలికి వెళ్ళగానే పేషెంటు కుర్చీలో ఆమె కూర్చుంది. పొరపాటు పడిందనుకుని భర్త భుజం తట్టాడు. ఆమె లేవలేదు. డాక్టరు అలవాటు కొద్దీ, మీవారు ఎంత తాగుతున్నారమ్మా అని అడిగాడు. భర్త ఆమె వైపు చూశాడు.

"ఆయన లెక్క ఆయన్నే అడగండి డాక్టరుగారూ," అంది. "నేను నా గుండె చూపించుకోడానికి వచ్చాను."