అత్యవసరానికి ఒక పేరు

మా మామగారి పాస్‌వర్డులకు ఆరేళ్ళపాటు నేనే కాపలా. అంతకుముందు అవి ఆయన డైరీ వెనక అట్ట మీద ఉండేవి. నీళ్ళ సరఫరా ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. అక్షరం ముత్యమే. కానీ మార్చినప్పుడల్లా పాతది కొట్టేసి పక్కన కొత్తది రాయడంతో, ఏది బతికుందో ఏది చచ్చిందో చివరికి ఆయనకే తెలిసేది కాదు. పెన్షన్ ఖాతాకు రెండుసార్లు తాళం పడ్డాక, నేను వాడే యాప్‌నే ఆయన ఫోనులో పెట్టాను. పాస్‌వర్డులన్నీ అది దాస్తుంది. మనం గుర్తుంచుకోవాల్సింది దాన్ని తెరిచేది ఒక్కటే.

అందులో ఒక చోటుంది. యజమానికి ఏదైనా జరిగితే ఎవరు తెరవాలో ఒక పేరు రాయాలి. ఆ మనిషి తన ఫోనులోంచి అడిగితే యజమానికి మెయిలు వెళ్తుంది. వారంలోగా ఆయన కాదనకపోతే తెరుచుకుంటుంది. మామగారు నా పేరు రాశారు. ఆరేళ్ళలో ఆ మీట నొక్కే అవసరం రాలేదు, రావాలని నేను కోరుకోనూ లేదు. పేరుంది, అది చాలు.

ఇంతలో మరదలికి పెళ్ళయింది. తోడల్లుడు వచ్చాడు. కళ్ళద్దాల షాపులో పని. మామగారు నన్ను “అల్లుడుగారూ, మీరు” అంటారు. అతన్ని “చిన్నబాబూ, నువ్వు” అంటారు. మర్యాద నా వంతు, చనువు అతని వంతు.

ఒక ఆదివారం భోజనాలయ్యాక అతను మామగారి ఫోను చూశాడు.

“ఇదింకా వాడుతున్నారా మామయ్యా?”

“పెద్దల్లుడుగారు పెట్టింది.”

“పెట్టినప్పుడు మంచిదే. ఇప్పుడు డబ్బు కట్టకపోతే ఫోనులోనో కంప్యూటర్లోనో ఒక్కచోటే పనిచేస్తుంది. పైగా నిరుడు ఆ కంపెనీలోనే దొంగలు పడ్డారు.”

“తాళాలమ్మేవాడి ఇంట్లోనా?” అని మామగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నా మాటలకు ఆయన అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

అతను నాలుగు యాప్‌లను పోల్చి కాగితం మీద టిక్కులు పెట్టుకున్నాడు. ఏది ఉచితం, ఏది రెండుచోట్లా పనిచేస్తుంది, మళ్ళీ మారాలంటే ఏది అడ్డుపడదు. ఒక్క తప్పు దొరకలేదు. దొరికుంటే నాకు తిన్న అన్నం అరిగేది.

“అన్నయ్యా, మీరేమంటారు?”

“మంచిదే,” అన్నాను.

“ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా,” అంటూ అత్తయ్య టీ ఇచ్చింది. వేళాకోళమే.

మామా చిన్నల్లుడూ బల్ల దగ్గర మోచేతులు ఆనించుకుని కూర్చున్నారు. పాతదాంట్లోంచి అన్నీ ఒక ఫైలుగా తీసి కొత్తదాంట్లో పోయాలట. “బయటున్నంతసేపు ఇది తలుపుల్లేని బీరువా మామయ్యా, పని కాగానే చెరిపేయాలి,” అన్నాడు. చెరిపాడు. చెత్తబుట్టలోంచి కూడా చెరిపాడు. ఏదైనా రాకపోతే చూసుకోవచ్చని పాత ఖాతాను మాత్రం నెల్లాళ్ళు ఉంచమన్నాడు. చేతి శుభ్రం ఉన్న మనిషి. అదే నా బాధ.

కొత్తది కూడా ఒక పేరు అడిగింది. సరిగ్గా అప్పుడే అత్తయ్య వంటింట్లోంచి పిలిచింది, కుళాయి కారుతోందని. నా పని మోటార్ల వైండింగు. కానీ ఇంట్లో ఏది కారినా నన్నే పిలుస్తారు. వాషరు మార్చి వచ్చేసరికి ఫోను మామగారి జేబులోకి వెళ్ళిపోయింది.

ఎవరి పేరు రాశారు?

నోరు తెరిచి అడగలేకపోయాను. మూడు రోజులు షాపులో చేతులు పనిలో, మనసు ఆ జేబులో. రెండుసార్లు తీగ తెగింది. బుధవారం మధ్యాహ్నం నా ఫోనులో పాత యాప్ తెరిచాను. మామగారి పేరు పక్కన మీట అలాగే ఉంది. కొత్తదాంట్లోనూ నేనే అయితే ఆయన ఊరుకుంటారు. చిన్నల్లుడైతే వెంటనే కాదంటారు. తేలిపోతుందనుకున్నాను. నొక్కాను. నిజంగానేనా అని అడిగింది. అవునన్నాను.

గురువారం ఏమీ రాలేదు. శుక్రవారమూ రాలేదు. సోమవారానికి నేను ఈల వేస్తూ పని చేస్తున్నాను.

మంగళవారం పొద్దున మామగారే షాపుకు వచ్చారు. విప్పిన మోటార్ల మధ్య స్టూలు తుడుచుకుని కూర్చున్నారు.

“మెయిలు వచ్చింది అల్లుడుగారూ. మీ అత్తయ్య అది చదివి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరాడుతోంది, అల్లుడికి అంత తొందరేమిటో అంది.”

“చెయ్యి తగిలింది మామయ్యా.”

“నిజంగానేనా అని మళ్ళీ అడుగుతుందట కదా. చిన్నబాబు చెప్పాడు.”

అంటే అతనికీ తెలుసు. చేతిలో ఉన్న తీగ పక్కన పెట్టాను.

“కొత్తదాంట్లో ఎవరి పేరు రాశారో తెలుసుకుందామని...”

“నోటితో అడగొచ్చుగా.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఆ రోజు ఎవరి పేరూ రాయలేదు. మీదే రాద్దామని ఆగాను. మీరు కుళాయి దగ్గరున్నారు. మీ మెయిలు అడ్రసు నాకు నోటికి రాదు.”

“మరి ఇప్పుడు?”

ఆయన ఫోను తీసి, నాకు కనిపించేలా పట్టుకుని, కాదు అన్నచోట నొక్కారు.

“ఇప్పుడు మా పెద్దమ్మాయి పేరు రాసి పంపించాను. చిన్నబాబు పేరు రాస్తే మీకు నిద్ర పట్టదు. మీ పేరు రాస్తే నాకు పట్టదు.”

టీ తెప్పిస్తానన్నాను. వద్దని వెళ్ళిపోయారు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ ఫోను పట్టుకుని గుమ్మంలోనే ఉంది.

“నాన్న ఏదో పంపించారండీ. ఒప్పుకోవాలంటే నాకూ ఖాతా ఉండాలట. ఎలా చెయ్యాలి ఇది?”

పక్కన కూర్చుని యాప్ ఎక్కించాను. మెయిలు నింపాను. మాస్టర్ పాస్‌వర్డు దగ్గరికి వచ్చేసరికి, ఒకదానికొకటి పొంతనలేని నాలుగు మాటలు కలిపి పెట్టుకోమన్నాను. ఆమె కాసేపు ఆలోచించింది. మాటలు దొరికినట్టున్నాయి, తలెత్తి నన్ను చూసింది.

“అటు తిరగండి.”

“నేనా?”

“ఇంకెవరున్నారిక్కడ?”

గోడవైపు తిరిగాను. మూల సున్నం పెచ్చులేచి ఉంది. దాన్నే చూస్తున్నాను. వెనక అక్షరాలు టకటకా పడుతున్నాయి. లెక్కపెట్టకూడదు అనుకున్నాను. ఇరవై ఏడు.

“అయిందా?”

“ఉండండి. ఇంకోసారి కొట్టమంటోంది.”

మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.